ఫ్రంటెండ్, బ్యాకెండ్ ఒకే రెపోలో (కోడ్ దాచే గిట్ నిల్వలో) ఉంచాలా, విడదీయాలా?

గుంటూరు నుంచి ప్రశ్న:
మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి వెబ్ యాప్ రాస్తున్నాను. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టాడు, ఏ లాట్ ఎప్పుడు బయటికెళ్లింది, అద్దె ఎంతైంది, ఇదే పని. ముందు, అంటే బ్రౌజర్‌లో కనిపించే ఫ్రంటెండ్‌కి రియాక్ట్; వెనక, అంటే సర్వర్‌లో నడిచే బ్యాకెండ్‌కి ఎక్స్‌ప్రెస్, డేటాబేస్‌కి పోస్ట్‌గ్రెస్. ప్రస్తుతం అన్నీ ఒకే ఫోల్డర్లో ఉన్నాయి. రెండు రెపోలు చేయమంటారా? వచ్చే సీజన్‌కి అప్పగించాలి, టెన్షన్‌గా ఉంది.

విజయవాడ నుంచి జవాబు:
రాసేది మీరొక్కరే కదా, రెండు రెపోలు వద్దండి. చిన్న మార్పుకి కూడా రెండు చోట్ల కమిట్ (గిట్‌లో నమోదు) చేయాల్సొస్తుంది. రెపో ఒకటే ఉంచి క్లయింట్, సర్వర్ అని రెండు ఫోల్డర్లు పెట్టండి. దేని ప్యాకేజ్ ఫైలు దానికే. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఎన్‌పీఎంలో 7వ వెర్షన్ నుంచి వర్క్‌స్పేసెస్ ఉన్నాయి, ఒక్క ఇన్‌స్టాల్‌తో రెండింటికీ సరిపోతుంది.

అంతకంటే ముఖ్యం, బ్రౌజర్‌కి ఏం వెళ్తోందన్నది. మీ అద్దె లెక్కే తీసుకోండి. మొత్తం రియాక్ట్‌లో తేల్చి సర్వర్‌కి పంపితే, ఎఫ్12 నొక్కి బ్రౌజర్ డెవలపర్ టూల్స్ తెరవడం తెలిసినవాళ్లు ఆ అంకె మార్చి పంపేయగలరు. క్లయింట్ నుంచి లాట్ నంబరు, తీసుకెళ్తున్న టిక్కీల సంఖ్య వస్తే చాలు. లోపల పెట్టిన తేదీ, రేటు డేటాబేస్‌లోంచి తీసి సర్వరే లెక్క కట్టాలి. స్క్రీన్ మీద అంచనా చూపించుకోండి, బిల్లు మీద మాత్రం సర్వర్ ఇచ్చిన అంకే పడాలి. రైతు డబ్బండీ, ఇక్కడ మాత్రం రాజీ పడకండి.

సర్వర్ లోపల కూడా లాట్లు, అద్దె, రైతులు అని పనిని బట్టి ఫోల్డర్లు పెట్టుకుంటే వెతుకులాట తగ్గుతుంది.

మరొకరు, గుంటూరు నుంచి:
రాసే టీములు వేరైతే, విడుదల తేదీలూ వేరైతే రెండు రెపోలే నయం. మీకు ఆ అవసరం కనిపించడం లేదు.

మళ్లీ ప్రశ్న:
థాంక్సండీ. రెండింటికీ ఒకే డాట్ ఎన్వ్ ఫైలు (పాస్‌వర్డ్‌ల వంటి సెట్టింగులుండేది) వాడొచ్చా? లోకల్‌లో 5173 పోర్టు (రియాక్ట్) నుంచి 3000 పోర్టుకి (ఎక్స్‌ప్రెస్) పిలిస్తే కార్స్ ఎర్రర్ కూడా వస్తోంది, అంటే వేరే చిరునామా అని బ్రౌజర్ అడ్డుకుంటోంది.

విజయవాడ నుంచి జవాబు:
వేరు చేయండి. మీ రియాక్ట్ కోడ్‌ని బిల్డ్ చేసే టూల్ వీట్ కదా, వీట్ అండర్‌స్కోర్‌తో (VITE_) మొదలయ్యే వేరియబుల్‌ని క్లయింట్ కోడ్‌లో వాడితే దాని విలువ బిల్డ్‌లోకి వెళ్లిపోతుంది, ఎవరైనా చదవొచ్చు. డేటాబేస్ పాస్‌వర్డ్‌కి అలాంటి పేరు పెట్టనే వద్దు. ఆ ఫైలు ఇప్పటికే గిట్‌లోకి పుష్ అయ్యుంటే తీసేసినంత మాత్రాన సరిపోదు, పాత కమిట్లలో అలాగే ఉంటుంది. పాస్‌వర్డే మార్చేయండి.

కార్స్‌కి, వీట్ కాన్ఫిగ్‌లో ప్రాక్సీ పెట్టి స్లాష్ ఏపీఐతో మొదలయ్యేవన్నీ 3000కి మళ్లించండి. కోడ్‌లో పోర్టు నంబరు రాయకండి. అప్పగించేటప్పుడు బిల్డ్ చేసిన డిస్ట్ ఫోల్డర్‌ని ఎక్స్‌ప్రెస్ నుంచే ఇప్పిస్తే రెండూ ఒకే చిరునామా మీద నడుస్తాయి, కార్స్ పేచీ ఉండదు.