చుక్క కారని చేతి నూనె డబ్బా ఎలా చేయించాలి?

సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు నడుపుతున్నాం. మగ్గాలకు నూనె వేయడానికి లివర్ నొక్కే పంపు డబ్బా వాడతాం. దాన్ని మెరుగుపరచాలని ఉంది, తెలిసినవాళ్లు దయచేసి సలహా ఇవ్వండి.

అసలు బాధ చుక్కతోనే. లివర్ వదిలాక కూడా ముక్కు చివర ఒక బొట్టు వేలాడుతుంది. డబ్బా పక్కకు తిప్పేలోపు అది మగ్గం మీదున్న గుడ్డపై పడిందంటే మరకే, ఇక ఆ గుడ్డకు రేటు రాదు. అడుగు నొక్కే పాతరకం డబ్బాలో ఈ గొడవ ఇంకా ఎక్కువ, అందులో వాల్వే ఉండదు. మా డబ్బాలో వాల్వు ఉంది కానీ కింద, పంపు దగ్గర. అక్కడి నుంచి ముక్కు కొస దాకా గొట్టం నిండా నూనే. ఆ వాల్వును కొసకు తెస్తే కారడం ఆగుతుందని నా నమ్మకం. చిన్న స్ప్రింగు, స్టీలు బాల్ పెడితే సరిపోతుందా? షెడ్డులో దూది దుమ్ము ఎక్కువ, ఇరుక్కుపోతుందేమోనని టెన్షన్.

ఇంకోటి, నూనె తగ్గాక డబ్బా వంచితే పంపు గాలి పీలుస్తుంది. గడ్డి కోసే బ్రష్ కట్టర్ మెషిను ట్యాంకులో మెత్తటి పైపు చివర బరువు ఉంటుంది కదా, ట్యాంకు ఎటు వంగినా అది పెట్రోలు ఉన్నవైపే పడుతుంది. ఇక్కడా అదే పెడదామనుకుంటున్నా. మామూలు రబ్బరు మినరల్ ఆయిల్‌లో ఉబ్బుతుంది కాబట్టి నూనెకు తట్టుకునే నైట్రైల్ రబ్బరు పైపు కావాలి. చిన్న డబ్బాలో తిరిగేంత సన్నటిది ఎక్కడ దొరుకుతుంది?

లోపలికి గాలి పోవడానికి మూతకు రంధ్రం తప్పదు, వంచితే అక్కడా కారుతోంది. దీనికి ఎవరైనా ఉపాయం కనిపెట్టి ఉంటే ఫొటో పెట్టండి. కొలతలు చెబితే లేత్ మీద చేయించుకుంటాను.