అమ్మాయి హాస్టల్‌కి వెళ్తోంది, ఈ రెండు నెలల్లో ఏం నేర్పి పంపాలి?

ప్రశ్న (అమ్మ_మనసు):
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి 18 నిండబోతున్నాయి, కాలేజీలో సీటు వచ్చింది, హాస్టల్లో ఉండాలి. చదువు గురించి నాకు బెంగ లేదు, అది తనే చూసుకుంటుంది. కానీ పొద్దున్నే నేను లేపాలి, జ్వరమొస్తే మాత్ర నేనివ్వాలి, ఏ ఫారమ్ అయినా వాళ్ళ నాన్నే నింపాలి. సామాన్లదేముంది, మర్చిపోయినా అక్కడ కొనుక్కోవచ్చు. పిల్లకి ఏం నేర్పాలన్నదే టెన్షన్. పైగా వెళ్ళే రోజు దగ్గరపడేకొద్దీ చీటికీమాటికీ నాతో గొడవ పడుతోంది. ఇది మామూలేనా? పిల్లల్ని పంపిన వాళ్ళు చెప్పండి, ప్లీజ్.

జవాబు (ఇద్దరబ్బాయిల_నాన్న):
గొడవలు మామూలేనమ్మా, మనసుకి తీసుకోకండి. వెళ్ళాలనే ఉత్సాహం, భయం రెండూ ఉంటాయి, అది పైకి చెప్పుకోలేక ఇంట్లో వాళ్ళ మీద విసుక్కుంటారు.

ఇక నేర్పడం అంటే కూర్చోబెట్టి పాఠం చెప్పడం కాదండీ, మీరు చేసే పనులు ఒక్కొక్కటే తన చేతికి వదిలేయడం. రేపటి నుంచి లేపకండి, అలారం తనే పెట్టుకోనివ్వండి, ఆలస్యమైతే కానివ్వండి. ఇప్పుడైతే పక్కన మీరున్నారు, అక్కడ పరీక్ష రోజున తొలిసారి ఆలస్యమైతే ఎవరున్నారు? హాస్టల్ ఫారమ్ కూడా తనతోనే నింపించండి, వాళ్ళ నాన్నగారు చివర్లో ఒకసారి చూస్తే చాలు. కాలేజీ ఆఫీసుకి ఫోన్ చేయాల్సి వస్తే తనే చేయాలి, మొదట్లో మాటలు తడబడినా సరే. అవసరమైనప్పుడు కొత్తవాళ్ళని అడగగలగడం అన్నింటికంటే పెద్ద విద్య అని నేను గట్టిగా నమ్ముతాను.

డబ్బు ఒకేసారి నెలకి సరిపడా ఇవ్వకండి. ముందు వారానికింతని ఇచ్చి, అందులోనే అన్నీ సర్దుకోమనండి, మధ్యలో అయిపోతే వెంటనే మళ్ళీ ఇవ్వకండి. అది అలవాటయ్యాక నెలకి మార్చండి. బ్యాంకు ఖాతా తన పేరు మీద ఉండాలి. ఓటీపీ, పిన్ ఎవరడిగినా చెప్పకూడదని, బ్యాంకు నుంచి ఫోన్ అన్నా చెప్పకూడదని పదేపదే అనండి. స్కాలర్‌షిప్ వచ్చింది, ముందు ఫీజు కట్టండి అంటూ వచ్చే మెసేజ్‌లకి కొత్త విద్యార్థులు తేలిగ్గా పడిపోతారు.

జవాబు (నైట్‌డ్యూటీ_నర్సు):
నేను ఆరోగ్యం సంగతి ఒక్కటే చెప్తాను అక్కా. మందుల డబ్బా సర్ది ఇస్తే సరిపోదు, అందులో ఏది దేనికో తనకి తెలియాలి. పారాసిటమాల్ మాత్రకీ మాత్రకీ మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు ఆగాలి, పెద్దవాళ్ళకి 24 గంటల్లో మొత్తం 4 గ్రాములు దాటకూడదు, దాటితే లివర్ దెబ్బతింటుంది. చాలా జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, అది తెలియక రెండూ కలిపి వేసుకుంటారు, కాబట్టి అట్ట మీద పేరు చదవడం అలవాటు చేయండి. స్నేహితులు మిగిల్చిన యాంటీబయాటిక్ వేసుకోవద్దని చెప్పండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసి ఉందో అన్నిట్లో మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి.

జ్వరంతో పాటు విపరీతమైన తలనొప్పి, మెడ పట్టేయడం, ఒంటి మీద మచ్చలు, ఆయాసం, వీటిలో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు, రాత్రయినా రూమ్మేట్‌ని లేపి ఆసుపత్రికి వెళ్ళాలి. హాస్టళ్ళలో ఒకే చోట చాలామంది ఉంటారు కాబట్టి మెనింజైటిస్ (మెదడు చుట్టూ ఉండే పొరలకి వచ్చే ఇన్ఫెక్షన్) ప్రమాదం కాస్త ఎక్కువ, వెళ్ళే ముందు డాక్టర్‌ని కలిసి ఏ టీకాలు బాకీ ఉన్నాయో అడగండి. బ్లడ్ గ్రూప్, పడని మందుల పేర్లు, టీకాల కార్డు ఫొటో తన ఫోన్‌లో ఉండాలి.

జవాబు (మూడో_ఏడాది):
ఆంటీ, నేను ఇప్పుడు హాస్టల్లోనే ఉన్నాను. మొదటి కొన్ని వారాలు ఇంటి మీద బాగా బెంగగా ఉంటుంది, సాయంత్రాలు మరీ. తను ఫోన్లో ఏడిస్తే వెంటనే 'వచ్చెయ్' అనకండి, అలాగని 'ఇంతమంది ఉండట్లేదా' అని కూడా అనొద్దు. ఊరికే వినండి చాలు. చాలామందికి మెల్లగా తగ్గిపోతుంది. కానీ రెండు వారాలు దాటినా నిద్ర లేక, తినాలనిపించక, క్లాసులకి కూడా వెళ్ళకుండా గదిలోనే ఉండిపోతుంటే కాలేజీ కౌన్సెలర్‌ని కలవమని చెప్పండి, మీరు కూడా వెళ్ళి చూసి రండి. ర్యాగింగ్ జరిగితే ఎవరికి చెప్పాలో, వార్డెన్ నంబర్ ఏమిటో చేరిన రోజే రాసుకోమనండి.

అమ్మ_మనసు:
అందరికీ చాలా థాంక్స్. ఇంకొక్కటి, ఫోన్ లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచమని అడగనా? రోజుకి ఎన్నిసార్లు ఫోన్ చేయొచ్చు?

మూడో_ఏడాది:
చాటుగా మాత్రం ఏమీ పెట్టకండి ఆంటీ, తెలిస్తే ఆ తర్వాత నిజం చెప్పడం మానేస్తుంది. రాత్రి ప్రయాణాలప్పుడు లొకేషన్ పంపమని అడిగితే ఒప్పుకుంటుంది. ఫోన్ ఎప్పుడు చేయాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, టైమ్ తననే చెప్పమనండి.