డీజిల్ ట్రక్కుకు ఏ ఆయిల్ డ్రెయిన్ వాల్వ్ మంచిది?

నా డీజిల్ ట్రక్కుకు ఇంజిన్ ఆయిల్ నేనే మార్చుకుంటాను. పోయినసారి డ్రెయిన్ బోల్టు చివరి చుట్టు విప్పేసరికి చేతిలోంచి జారి ట్రేలో పడింది. వేడి వేడి నల్ల ఆయిల్ మోచేతి దాకా కారింది. ఇక ఆ బోల్టు జోలికి పోదలచుకోలేదు.

దాని బదులు బిగించే డ్రెయిన్ వాల్వుల్లో రెండు రకాలు చూశాను. ఒకటి ఫుమోటో కంపెనీది లాంటి బాల్ వాల్వ్, లివర్ ఎత్తి పావు చుట్టు తిప్పితే చాలు. రెండోది స్ప్రింగ్ వాల్వ్, పైపు బిగిస్తేనే తెరుచుకుంటుంది. నా మనసు రెండోదాని మీదే ఉంది. లివర్‌కు దారిలో రాయి తగిలి తెరుచుకుంటే ఇంజిన్ సంగతి అంతే కదా, అదే టెన్షన్. లాక్ క్లిప్ పెడితే సరిపోతుందా? వాడినవాళ్లు చెప్పండి.

ఇంకోటి, వాల్వ్ మర సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోపలికి పొడుచుకొస్తే అడుగున మడ్డి ఆయిల్ మిగిలిపోదా? డీజిల్‌కు అసలే మసి ఎక్కువ. పైగా రంధ్రం సన్నం, 12 లీటర్లు దిగడానికి ఎంతసేపు పడుతోంది మీకు?

నా బోల్టు సైజు ఎమ్18 (18 మి.మీ.), పిచ్ (మరల మధ్య దూరం) 1.5 మి.మీ. బోల్టు పక్కనే క్రాస్ మెంబర్ (ఛాసిస్ అడ్డకమ్మీ) ఉంది, పొడుగు వాల్వ్ పట్టదు.