ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ పాడే స్కాట్: మన గాత్రం వచ్చినవాళ్లు పాడితే స్వరకల్పనలా ఎందుకు వినిపిస్తుంది?

అనుమంద్రం:

అమెరికా జాజ్ గాయని ఎల్లా 1960 ఫిబ్రవరి 13న బెర్లిన్ కచేరీలో పాడిన 'హౌ హై ద మూన్' విన్నవాళ్లకే ఈ ప్రశ్న. అందులో పాట మాటలు కాసేపే ఉంటాయి, మిగతాదంతా స్కాట్, అంటే అర్థం లేని అక్షరాలతో అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడడం. అంత వేగంలోనూ ఒక్క స్వరం స్థానం తప్పదు, ఒక్క అక్షరం నలగదు. ఏ సంప్రదాయంలో పెరిగిన చెవికైనా ఆ గొంతు ముందు గౌరవం కలుగుతుంది.

కర్ణాటక గాత్రం బాగా వచ్చినవాళ్లు స్కాట్ ఎత్తుకుంటే శ్రుతి ఉంటుంది, లయ ఉంటుంది, వేగానికీ లోటుండదు. అయినా అది జాజ్ అనిపించదు. స్వరకల్పనలో (రాగంలో సరిగమలు అప్పటికప్పుడు అల్లుతూ పాడడంలో) ఆ సరిగమలు తీసేసి వాటి చోట 'డూబీ డూబీ' పెట్టినట్టే ఉంటుంది. లోపం అక్షరాల్లోనా, నడకలోనా, ఎంచుకునే స్వరాల్లోనా? ముందు దేన్ని దిద్దుకోవాలి? "వింటూ ఉండండి, అదే వస్తుంది" అనే సలహా కాకుండా, కూర్చుని సాధన చేసే పద్ధతి తెలిసినవాళ్లు చెప్పండి. ఏ రికార్డులతో మొదలుపెట్టాలో కూడా చెప్పండి.

రెండు_నాలుగు:

అనుమంద్రం గారూ, నా లెక్కలో ముందు నడక, ఆ తర్వాత అక్షరాలు.

తాళం వేసే చెయ్యి ఆవర్తంలో మొదటి దెబ్బ మీద గట్టిగా పడుతుంది. గొంతు కూడా అక్కడే బరువు పెట్టడానికి అలవాటు పడుతుంది. జాజ్‌లో నాలుగు దెబ్బల బార్‌లో ఊపు రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద ఉంటుంది. డ్రమ్మర్ ఎడమ కాలితో హై-హ్యాట్ (జంట తాళాల్లాంటి పళ్లేలు) మూసేదీ అక్కడే. కాబట్టి మెట్రోనోమ్‌ని (సమంగా టిక్కులు కొట్టే లయ యంత్రాన్ని) పాట వేగంలో సగానికి పెట్టండి. పాట నిమిషానికి 120 అయితే మెట్రోనోమ్ 60. వినిపించే టిక్కులే రెండు, నాలుగు. ఒకటీ మూడూ మీ లోపల నడవాలి. మొదట్లో నాలుగైదు బార్లు తిరిగేసరికి టిక్కు ఒకటో దెబ్బ మీదికి జారిపోతుంది. జారగానే ఆపేసి మళ్లీ లెక్కపెట్టి ఎత్తుకోండి. గమనించకుండా సాగదీస్తే ఆ తప్పే సాధన అవుతుంది.

స్వింగ్‌ని, అంటే జాజ్‌కి ఉండే ఆ ఊగే నడకని, చాలామంది తిస్ర నడక అని చెప్పేస్తారు: దెబ్బని మూడు చేసి, రెండు పాళ్లు మొదటి స్వరానికి, ఒక పాలు రెండో స్వరానికి. మధ్యస్థ వేగంలో అది దాదాపు సరిపోతుంది. వేగం 200 దాటాక ఆ తేడా తగ్గుతూ పోయి రెండు స్వరాలూ ఇంచుమించు సమానమవుతాయి. అక్కడ కూడా లెక్క తప్పని తిస్రం పట్టుకుని కూర్చుంటే పాట గెంతులేస్తుంది. ఆ వేగంలో స్వింగ్ నిలబడేది నొక్కు వల్ల. దెబ్బ మీద పడే స్వరాన్ని తేలిగ్గా వదిలి, రెండు దెబ్బల నడుమ పడే స్వరానికి కాస్త బరువిచ్చి, తర్వాతి దెబ్బలోకి తెగకుండా కలపాలి.

ఇక అక్షరాలు. సరిగమలు స్వరం పేరు చెబుతాయి. స్కాట్ అక్షరానికి ఆ బాధ్యత లేదు. ట్రంపెట్ వాయించేవాడి నాలుక చేసే పని అది చేస్తుంది: స్వరం ఎలా మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఏది పైకి తేలాలి, ఏది మింగుడు పడాలి. ఎల్లా 1940ల్లో ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ బ్యాండుతో కలిసి పాడుతూ బీబాప్‌ని (అప్పటి వేగమైన కొత్త జాజ్ శైలిని) ఒంటబట్టించుకున్నారు. ఆమె నోట వచ్చే అక్షరాల్లో ఆ ట్రంపెట్లు, శాక్సోఫోన్లు పలికే తీరే వినిపిస్తుంది.

తెలుగు నోటికి ఇక్కడ రెండు చిక్కులున్నాయి.

ఒకటి డకారం. మన 'డ' పలకాలంటే నాలుక కొన వెనక్కి మడిచి అంగిలిని కొట్టాలి. నెమ్మది పాటలో ఇబ్బంది లేదు. వేగం పెరిగితే మడత విప్పుకునే వ్యవధి చాలదు, ప్రతి స్వరం ముందూ ఒక కుదుపు వినిపిస్తుంది. నాలుక కొనని పై పళ్ల వెనక చిగురు మీద ఆనించి, దకారానికీ డకారానికీ మధ్య పలకండి. అది పట్టుబడేదాకా తేలికపాటి దకారమే నయం.

రెండోది, మాటని అచ్చుతో ముగించే మన అలవాటు. 'బాప్' అనమంటే 'బాపు' అంటాం. ఆ చివరి ఉకారం స్వరాన్ని సాగదీసి, పదును పోగొడుతుంది. పకారం దగ్గర పెదాలు మూసి గాలి ఆపెయ్యాలి. తెరిచే చప్పుడు కూడా రాకూడదు.

దూ-దూ-దూ-దూ అని నాలుకనే వాడితే అది త్వరగా అలిసిపోతుంది. పెదవితో వంతు వెయ్యండి: దూ-బ-దూ-బ. నాలుక తిరిగొచ్చేలోపు పెదవి కొడుతుంది. 'తక'లో తకారం, కకారం వంతులు వేసుకోవడం కూడా ఇదే సూత్రం. కానీ తకధిమిని మాత్రం ఇక్కడికి తేవద్దు. కకారం గొంతు వెనక గాలిని పూర్తిగా ఆపేసి స్వరాన్ని తెంపుతుంది. కొన్నక్కోల్ (మృదంగం జతుల్ని నోటితో పలకడం) వాసన ఎక్కువగా అక్కణ్ణించే వస్తుంది.

ఒక బార్‌కి సరిపోయే వరస ఇది, ఎనిమిది స్వరాలు:

దూ-బ దూ-బ దూ-న్ దూ-బాప్

'న్' దగ్గర నాలుక పైకి అంటుకునే ఉంటుంది, స్వరం ముక్కులోంచి సగం బలంతో వస్తుంది. శ్రుతి మాత్రం తగ్గకూడదు. 'బాప్' నాలుగో దెబ్బ తర్వాత పడుతుంది, పొట్టిగా. దాని తర్వాతి బార్ మొదటి దెబ్బ ఖాళీగా వదలండి. మన గొంతుకి అది కష్టం, ఎందుకంటే సమం మీద దిగాలనిపిస్తుంది. ఈ వరస 80లో మొదలుపెట్టి, అక్షరాలు శుభ్రంగా వచ్చాకే ఐదేసి చొప్పున పెంచండి. అచ్చుల విషయంలో పై స్థాయికి ఈకారం, కింది స్థాయికి ఊకారం, ఓకారం నప్పుతాయి. ఆకారం సహజంగానే బిగ్గరగా ఉంటుంది కాబట్టి నొక్కు పడే స్వరానికి అట్టిపెట్టుకోండి.

వాకింగ్‌బేస్:

పైన చెప్పినవి బాగున్నాయి, వరస మాత్రం ఒప్పుకోను. నడకా అక్షరాలూ ఎంత దిద్దినా, పాట కింద హార్మనీ (కార్డుల వరస; కార్డ్ అంటే ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) కదులుతోందని గొంతుకి తెలియకపోతే ఒకే రాగంలో స్వరాలు వేసినట్టే ఉంటుంది. స్వరకల్పనలో షడ్జం కదలదు. ఇక్కడ కదులుతుంది.

'హౌ హై ద మూన్' దీనికి మంచి పాఠం. 32 బార్ల పాట. జి మేజర్‌లో, అంటే జి షడ్జంగా, పాడుతున్నాం అనుకోండి. మొదటి రెండు బార్లు జి మేజర్ కార్డ్. మూడో బార్‌లో అది జి మైనర్ సెవెన్ అవుతుంది: అంతర గాంధారం సాధారణ గాంధారానికి దిగింది. నాలుగో బార్ సి సెవెన్. ఐదో బార్‌కి ఎఫ్ మేజర్ వచ్చేస్తుంది, అంటే ఇందాకటి కైశిక నిషాదమే ఇప్పుడు షడ్జం. ఎఫ్ మీద మళ్లీ ఇదే తతంగం: ఏడో బార్‌లో ఎఫ్ మైనర్ సెవెన్, ఎనిమిదిలో బి ఫ్లాట్ సెవెన్, తొమ్మిదో బార్‌లో ఈ ఫ్లాట్ (E♭) మేజర్. ఎనిమిది బార్లు గడిచేసరికి షడ్జం రెండు మెట్లు దిగింది. పదో బార్ నుంచి ఏ, డి సెవెన్ కార్డుల మీదుగా మళ్లీ జి వైపు తిరుగుతుంది. గ్రహభేదం (రాగంలో మరో స్వరాన్ని షడ్జం చేసుకోవడం) తెలిసినవాళ్లకి దీని ఆలోచన కొత్త కాదు. కొత్తది వేగం, పైగా ఎప్పుడు మారాలో నిర్ణయించేది మీరు కాదు, పాటే.

తరచు జరిగే తప్పు మూడో బార్‌లోనే: కార్డ్ మైనర్ అయిపోయినా పాడేవాళ్లు అంతర గాంధారం మీద నిలుస్తారు. దాటుతూ తాకితే ఎవరికీ పట్టదు. అక్కడ నిలిస్తే పియానోలో ఉన్న బి ఫ్లాట్‌తో నేరుగా తగువు.

సాధన ఇలా. మొదట బేస్ స్వరాలు మాత్రమే పాడండి, ప్రతి కార్డ్‌కి దాని మూలస్వరం, బార్ నిండా, అక్షరం 'దూ' ఒక్కటే. 32 బార్లూ కాగితం చూడకుండా రావాలి. తర్వాత ప్రతి కార్డ్‌లో మూడో స్వరం, ఏడో స్వరం మాత్రమే. జి మైనర్ సెవెన్‌లో ఏడో స్వరం ఎఫ్. అది అర మెట్టు దిగితే సి సెవెన్‌లో మూడో స్వరమైన ఈ (E) వస్తుంది. ఈ అర మెట్టు దిగుడు చెవికి పట్టుబడితే వాద్యం లేకుండా ఒంటరిగా పాడినా వినేవాళ్లకి కార్డులు వినిపిస్తాయి. ఎల్లా గొంతులో ఉన్నది అదే. గిటార్, పియానో ఆగిపోయినా ఆమె ఏ బార్‌లో ఉన్నారో చెప్పొచ్చు. దూ-బ-దూ-బలు ఈ మెట్టు దాటాకే.

గమకం గురించి ఎవరూ అనలేదు. కంపితం (స్వరాన్ని ఊపే గమకం) పెడితే గాంధారం పక్క స్వరాన్ని తాకుతుంది, కార్డ్ మీద అది మసకబారుతుంది. పొడుగు స్వరాన్ని నిలకడగా పట్టి, కంపం కావాలంటే చివర్లో కాస్త వదలండి. కింది నుంచి జారుతూ స్వరాన్ని అందుకోవడం జాజ్‌లోనూ ఉంది కానీ ప్రతి స్వరానికీ కాదు.

అనుమంద్రం:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. సాధనకి శ్రుతి పెట్టె పెట్టుకోవచ్చా?

వాకింగ్‌బేస్:

వద్దు. జి, డి మోగుతూ ఉంటే చెవి ఆ షడ్జాన్ని వదలదు, ఎఫ్ మేజర్ వచ్చినా దాన్ని నిషాదంగానే వింటుంది. తొమ్మిదో బార్‌లో ఈ ఫ్లాట్ కార్డ్ మీద ఆ మోగే డి మరీ అడ్డుపడుతుంది. కీబోర్డ్ మీద ఎడమ చేత్తో మూలస్వరం ఒక్కటి నొక్కుతూ పాడండి. 32 బార్లు ఎక్కువ అనిపిస్తే 12 బార్ల బ్లూస్‌తో మొదలుపెట్టండి. షడ్జం మీది కార్డ్ నాలుగు బార్లు, మధ్యమం మీది రెండు, మళ్లీ షడ్జం రెండు, పంచమం ఒకటి, మధ్యమం ఒకటి, షడ్జం రెండు. అన్నీ సెవెంత్ కార్డులే.

పాతరికార్డు:

రికార్డుల సంగతి అడిగారు కదా. బెర్లిన్‌తో మొదలుపెట్టొద్దు, అది చివరి మెట్టు. 1945లో డెక్కా రికార్డు కంపెనీకి పాడిన 'ఫ్లయింగ్ హోమ్' ఉంది, లయోనెల్ హాంప్టన్ బ్యాండు వాయిద్యాలతో పేరు తెచ్చిన వరస కాబట్టి అందులో ఆమె గొంతు పూర్తిగా వాద్యమే. 1947లో 'ఓ లేడీ బీ గుడ్', అదే ఏడాది చివర్లో 'హౌ హై ద మూన్'. నా ఓటు 'లేడీ బీ గుడ్'కి. పాట ఏఏబీఏ కట్టడం, ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలు, మొదటి ముక్క వస్తే మూడు వంతుల దారి తెలిసినట్టే.

ప్లేయర్‌లో వేగం 60 శాతానికి తగ్గించి, శ్రుతి మారకుండా చూసుకుని, రెండేసి బార్లు తీసుకోండి. ముందు అక్షరాలు మాత్రం శ్రుతి లేకుండా పలకండి. తర్వాత అక్షరాలు లేకుండా స్వరాలు. ఆ తర్వాతే రెండూ కలిపి. తెలుగు లిపిలో రాసుకోవడం మేలు, మన హ్రస్వదీర్ఘాలు స్వరం పొడవుని చక్కగా చూపిస్తాయి. ఎక్కడ ఊపిరి తీసుకున్నారో కూడా గుర్తు పెట్టండి. స్వరకల్పన అలవాటున్నవాళ్లు సందు లేకుండా నింపేస్తారు. సొంతంగా పాడేటప్పుడు నాలుగు బార్లకి ఒక బార్ ఖాళీ వదిలితే ఆ నింపుడు తగ్గుతుంది.

ఒక అపోహ కూడా. బెర్లిన్ కచేరీలో స్కాట్‌కి ఉదాహరణగా చాలామంది 'మ్యాక్ ద నైఫ్' చూపిస్తారు. అక్కడ ఆమె మాటలు మర్చిపోయి, తాళం తప్పకుండా కొత్త మాటలు అల్లుకుంటూ పోయారు, మధ్యలో ట్రంపెట్ విద్వాంసుడు, గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతుని అనుకరించారు. ఆ సమయస్ఫూర్తికి గ్రామీ వచ్చింది, అది న్యాయమే. స్కాట్ నేర్చుకోవడానికి మాత్రం ఆ కచేరీ చివరి పాట 'హౌ హై ద మూన్' వినాలి. అలాగే 1926లో ఆర్మ్‌స్ట్రాంగ్ 'హీబీ జీబీస్' రికార్డింగులో పాట మాటల కాగితం జారిపడి స్కాట్ పుట్టిందన్న కథ ప్రచారంలో ఉంది. అంతకుముందే, 1923లో, గాయకుడు క్లిఫ్ ఎడ్వర్డ్స్ రికార్డుల మీద ఇలా పాడారు. స్కాట్‌కి అంత పేరు తెచ్చింది మాత్రం ఆర్మ్‌స్ట్రాంగే.

బెర్లిన్ పాటలో ఇంకో విద్య ఉంది: ఇతర పాటల ముక్కలు ఎత్తుకొచ్చి అతికించడం. శాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ 'ఆర్నిథాలజీ' ఇవే కార్డుల మీద కట్టింది కాబట్టి నేరుగా సరిపోతుంది. 1938లో తనకి పేరు తెచ్చిన 'ఎ టిస్కెట్ ఎ టాస్కెట్' కూడా వచ్చి పోతుంది. చివర్లో 'స్మోక్ గెట్స్ ఇన్ యువర్ ఐస్' వరసలో పొగకి బదులు చెమట కళ్లలో పడుతోందని పాడతారు, అంత పాడాక.

రెండు_నాలుగు:

పాతరికార్డు గారి చివరి మాటకి మన వాళ్లకి ఒక అభ్యాసం. 'వరవీణా' గీతం అందరికీ వచ్చు. మోహనం ఐదు స్వరాలూ మేజర్ కార్డ్ మీద ఏ తగువూ లేకుండా కూర్చుంటాయి. 'గగ పా పా దప సా సా' ముక్కని రూపకం నుంచి తీసి నాలుగు దెబ్బల బార్లలోకి మార్చండి. మొదటి గాంధారాన్ని ఒకటో దెబ్బ మీద కాకుండా అర దెబ్బ ఆలస్యంగా ఎత్తుకోండి. సాహిత్యం, సరిగమలు వద్దు, దూ-బలే. 'హౌ హై ద మూన్' మొదటి రెండు బార్లలో జి మీద పాడి, మూడు నాలుగు బార్లు ఊరుకుని, ఐదు ఆరు బార్లలో అదే ఎఫ్ మీద పాడండి. తొమ్మిదో బార్‌లో ఈ ఫ్లాట్ ఒక్క బారే ఉంటుంది, అక్కడ ముక్కలో సగమే పడుతుంది. వాకింగ్‌బేస్ గారు చెప్పిన షడ్జం దిగుడు, నేను చెప్పిన ఊపు, రెండూ ఇందులో ఒకేసారి పరీక్షకొస్తాయి. ఐదో బార్‌లో శ్రుతి పైకే ఉండిపోతే బేస్ స్వరాల మెట్టు ఇంకా గట్టిపడలేదని అర్థం, వెనక్కి వెళ్లండి.

మైకులో రికార్డు చేసుకుంటే బకారం, పకారం ఢమ్మని పేలతాయి. మైకుని నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి వంచి, నాలుగు వేళ్ల ఎడంలో పెట్టుకోండి. అప్పుడే 'బాప్' చివర గాలి నిజంగా ఆగిందో లేదో వినపడుతుంది.