నాన్న విరమణ డబ్బు, తమ్ముడి మొదటి జీతం, పాప చదువు: ఏది ముందు చూసుకోవాలి?

ప్రశ్న (రాయగడ)

అందరికీ నమస్కారం. నాన్నగారు ఇక్కడే, ఒడిశాలోని రాయగడలో, ఒక ప్రైవేటు కర్మాగారంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి, వచ్చే నెలాఖరుకు 58 నిండి విరమిస్తున్నారు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 24 లక్షల దాకా వస్తాయట. పెన్షను నెలకు మూడు వేల పైచిలుకు. డబ్బు చేతికి రాకముందే ఆయన రెండు ఖర్చులు ఖాయం చేసుకున్నారు. ఒకటి, ఊరి చివర పద్నాలుగు లక్షల స్థలం. రెండోది, జీతం పడే బ్యాంకులో ఒక అమ్మాయి చెప్పిన పథకం. ఏటా రెండు లక్షల చొప్పున ఐదేళ్లు కడితే ఎఫ్‌డీ కంటే ఎక్కువ వస్తుందట.

తమ్ముడికి 23. విశాఖలో ఉద్యోగం, 24 వేల జీతం. చేరి నాలుగు నెలలైనా కాలేదు, వాయిదాల మీద బండి కొంటానంటున్నాడు. నాకు 35. మావారిది సెల్‌ఫోన్ల మరమ్మతు దుకాణం, ఒక నెల వచ్చినంత మరో నెల రాదు. పాపకు ఆరేళ్లు. ఇంట్లో కాగితాలు చదివేది నేనొక్కదాన్నే కాబట్టి అందరూ నన్నే అడుగుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (గుణుపురం, విశ్రాంత తపాలా ఉద్యోగి)

అమ్మా, ముందు ఆ బ్యాంకు కాగితం సంగతి తేల్చు. ఎఫ్‌డీ అయితే డబ్బు ఒక్కసారి వేసి ఊరుకుంటాం. ఏటేటా కట్టమన్నారంటే అది బీమా పాలసీ అయి ఉంటుంది. కాగితం మీద ‘ప్రీమియం’, ‘బీమా మొత్తం’ అన్న మాటలు ఉన్నాయేమో చూడు. జీతం ఆగిపోయిన మనిషి ఐదేళ్లు రెండేసి లక్షలు ఎక్కడి నుంచి తెస్తాడు? మధ్యలో మానేస్తే కట్టినంత వెనక్కి రాదు. నాన్నగారు మొహమాటానికి సంతకం చేసేసి ఉన్నా కంగారు పడకు. పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోపు ‘నాకు వద్దు’ అని రాసిస్తే స్వల్ప కోతలు పోను డబ్బు తిరిగి ఇవ్వాలి. రాసిచ్చిన కాగితం నకలు మీద బ్యాంకు ముద్ర మాత్రం వేయించుకో.

ఇక 24 లక్షలు. పోస్టాఫీసులో పెద్దల పొదుపు పథకం ఉంది, ఇప్పుడు వడ్డీ 8.2 శాతం. మామూలుగా 60 నిండాలి కానీ, పదవీ విరమణ చేసిన వాళ్లు 55 దాటితే చాలు. అయితే డబ్బు చేతికందిన మూడు నెలల్లోపే వేయాలి. ఈ గడువు తెలియక పోగొట్టుకున్న వాళ్లను కౌంటర్లో కూర్చుని ఎంతమందిని చూశానో. ‘అబ్బాయి పెళ్లయ్యాక చూద్దాంలెండి’ అని వెళ్లిపోతారు, మళ్లీ వచ్చేసరికి ఆరు నెలలవుతుంది. విరమణ ప్రయోజనాలు ఎంత వచ్చాయో యజమాని ఇచ్చే పత్రం కూడా జతచేయాలి.

15 లక్షలు వేస్తే మూడు నెలలకొకసారి 30,750 రూపాయలు వస్తుంది. పెన్షనుతో కలిపితే నెలకు పదమూడు వేలు దాటుతుంది, ఇద్దరు మనుషులకు సొంతింట్లో సరిపోతుంది. ఐదేళ్ల గడువులో ఈ వడ్డీ తగ్గదు, కానీ పెరగదు కూడా. కందిపప్పు ధర అలా ఆగదు కదా. అందుకే మిగిలిన తొమ్మిది లక్షలూ ఖర్చుకు తీయకుండా రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీలుగా ఉంచండి. ఒక బ్యాంకు మూతపడితే డిపాజిట్ బీమా వల్ల ఒక్కొక్కరికి ఐదు లక్షల వరకే వస్తుంది. కాబట్టి అమ్మగారి పేరు మీద కూడా కొంత వేయండి.

జవాబు (పర్లాకిమిడి, దస్తావేజులు రాస్తాను)

అక్కా, స్థలం విషయంలో ఒక్క మాట. రాయగడ జిల్లా అంతా షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల భూములకు ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. 1956 నాటి నిబంధన ప్రకారం, 2002 సవరణ తరువాత, గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మితే చెల్లదు. రిజిస్ట్రేషన్ కుదరదు కాబట్టి స్టాంపు కాగితం మీద ఒప్పందమనో, పవరాఫ్ అటార్నీ అనో చెబుతారు. డబ్బు ఇచ్చేసి, ఇల్లు కట్టుకుని, ఆ తరువాత నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. అప్పుడు నేను చేయగలిగింది టీ ఇప్పించడమే.

ఒడిశా పట్టాలో యజమాని పేరు, తండ్రి పేరుతోపాటు జాతి కూడా రాసి ఉంటుంది. ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా నంబరు కొట్టి చూడండి. దానిలోనే ‘కిసమ్’ అని భూమి రకం ఉంటుంది. ఘరబారి అని ఉంటే ఇంటి స్థలం. పొలం అని ఉంటే ఇల్లు కట్టే ముందు తహసీల్దారు దగ్గర మార్పించుకోవాలి, దానికి రుసుము వేరు. ఒడియా చదవడం రాకపోతే చదివించుకోండి, అమ్మేవాడి చేత మాత్రం కాదు.

జవాబు (బరంపురం, పట్టుచీరల దుకాణం)

చెల్లీ, స్థలం, పథకం రెండూ తరువాత. ముందు మీ నాన్నగారి పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉందో లేదో చూడు. మన ఇంటిపేరు తెలుగువాళ్లు రాసిన కాగితాల్లో ముందుంటుంది, ఇక్కడి బడుల్లో రాసినవాటిలో చివరికి పోతుంది. మా మామగారి పేరు ఆధార్‌లో ఒక రకంగా, పాన్‌లో ఇంకో రకంగా, పోస్టాఫీసు పాస్‌బుక్కులో ఇంటిపేరు లేకుండా ఉండేది. ఆయన పోయినప్పుడు ముగ్గురు వేర్వేరు మనుషులని అనుకున్నట్టే మాట్లాడారు. ఆ పాస్‌బుక్కు అత్తగారు పసుపు డబ్బా వెనక దాచారు. అంచులన్నీ పసుపే, నామినీ అని ఉన్నచోట మాత్రం ఖాళీ. తక్కువ మొత్తమే, అయినా వారసత్వ ధ్రువపత్రానికి తొమ్మిది నెలలు తిరిగాం.

ఇంకొకటి. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే, ఆస్తికి హక్కుదారు కాదు. వీలునామా కూడా రాయించండి. నాన్నగారితో ఆ మాట ఎత్తడం కష్టమే. మా ఇంట్లో ‘నన్ను అప్పుడే పంపేస్తున్నారా’ అని రెండు పూటలు అన్నం మానేశారు.

చీటీలు వేస్తుంటే మన వీధి వాళ్లతో, పోయినా తట్టుకునేంతే వేయండి. రిజిస్టరైన చీటీకి 1982 నాటి చట్టం ఉంది. ఇక్కడ చిట్ ఫండ్ అంటే జనం భయపడేది వేరే వాటికి, డబ్బు రెట్టింపు చేస్తామని వసూలు చేసి బోర్డు తిప్పేసిన కంపెనీలకు. 2014లో సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించిన కేసులు అవే.

మళ్లీ ప్రశ్న (రాయగడ)

బాబాయి గారూ, అక్కా, ఎంతో మేలు చేశారు. పాలసీ మీద ఇంకా సంతకం కాలేదు, బతికిపోయాం. మరి మా ముగ్గురి సంగతి? నాన్నకు కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా విరమణతో ఆగిపోతుంది.

జవాబు (గుణుపురం)

అమ్మా, ఆరోగ్య బీమా ఆగకముందే కొత్తది తీసుకో. బీపీ, సుగరు ఉంటే దాచకు. దాచితే ఆసుపత్రిలో ఉన్నప్పుడు బయటపడుతుంది. చెప్పిన జబ్బులకు మూడేళ్ల వరకు వేచి ఉండాల్సి రావచ్చు, అందుకే త్వరగా మొదలుపెట్టాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత బీమా మీద జీఎస్టీ లేదు. మనం ఏ పెద్ద జబ్బుకైనా రైలెక్కి విశాఖ వెళ్లేవాళ్లమే కాబట్టి, అక్కడి ఏ ఆసుపత్రుల్లో నగదు లేకుండా చేర్చుకుంటారో జాబితా చూసి తీసుకో.

నీ విషయానికి వస్తే, రాబడి నిలకడ లేని ఇంట్లో ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి. అది కూడబెట్టాక మీవారి పేరు మీద టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే బీమా), ఏడాది రాబడికి పదింతలకు తగ్గకుండా. అది కుదిరేలోగా బ్యాంకులో ఏటా 436 రూపాయల ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా తీసుకుంటే రెండు లక్షల రక్షణ ఉంటుంది. ఆదాయపు పన్ను కట్టేవారు కాకపోతే, 60 నిండాక పెన్షను ఇచ్చే ప్రభుత్వ పథకం అటల్ పెన్షన్‌లోనూ చేరవచ్చు. నెలకు ఐదు వేల పెన్షనుకు 18 ఏళ్లవాడు నెలకు 210 రూపాయలు కడితే చాలు, 35 ఏళ్ల నువ్వు 902 కట్టాలి. ఆ ఐదు వేలు కూడా పాతికేళ్ల తరువాత ఏపాటి? దాని మీదే ఆధారపడకు.

పాపకు పదేళ్లు నిండకముందే సుకన్య ఖాతా (ఆడపిల్లల పేరు మీద తెరిచే ప్రభుత్వ పొదుపు ఖాతా) తెరువు. 250 రూపాయలతో మొదలవుతుంది, పదిహేనేళ్లు వేయాలి. కానీ మీ వృద్ధాప్యం డబ్బు తెచ్చి అందులో పోయకండి. చదువుకు అప్పు పుడుతుంది, ముసలితనానికి పుట్టదు.

తమ్ముడికి రెండే మాటలు చెప్పు. బండి ఆరు నెలలు ఆగితే సగం సొంత డబ్బుతో వస్తుంది. ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్ తీసేయకుండా బదిలీ చేయించుకోమను.

వారం తరువాత (రాయగడ)

బరంపురం అక్క చెప్పినట్టే అయింది. పీఎఫ్‌లో నాన్న ఇంటిపేరు చివర, ఆధార్‌లో ముందు. సరిచేయమని దరఖాస్తు పెట్టాం, విరమణకు ఇంకా మూడు వారాలు ఉంది కాబట్టి సరిపోతుందనుకుంటున్నాం. తమ్ముడు మాట వినలేదు, బండి తీసుకున్నాడు, కాకపోతే సెకండ్‌హ్యాండ్‌ది. స్థలం అమ్ముతానన్న ఆయనను పట్టా నకలు, ఖాతా నంబరు అడిగాను. మంగళవారం పంపుతానన్నారు. అప్పటి నుంచి ఫోను ఎత్తడం లేదు.