అప్‌డేట్: గప్పీలు ఎందుకు చనిపోతున్నాయో తెలిసింది

మా అక్వేరియంలో నీళ్లు తేటగానే ఉన్నా రోజూ పొద్దున్నే ఒకటో రెండో గప్పీలు (చిన్న రంగు చేపలు) చచ్చి తేలుతున్నాయని అడిగాను కదా, కారణం దోమల మందు లిక్విడ్ మెషీన్! సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా "రొయ్యలు ముందు పోయాయా, నత్తలు బాగానే ఉన్నాయా?" అని అడిగినవాళ్లకి. సరిగ్గా అలాగే జరిగింది. చేపల డాక్టర్‌కి ఇదే చెబితే, ఈ మందుల్లో ఉండే పైరిథ్రాయిడ్లు మనకంటే చేపలకి చాలా ఎక్కువ విషమని, రొయ్యలకి ఇంకా ఎక్కువని, నత్తలు మాత్రం చాలావరకు తట్టుకుంటాయని అన్నారు. మెషీన్, ఎయిర్ పంప్ రెండూ బెడ్‌రూమ్‌లో ఒకే స్విచ్‌బోర్డు మీద ఉన్నాయి, రాత్రంతా పంపు ఆ ఆవిరినే పీల్చి బుడగలుగా నీళ్లలోకి వదిలేది, చేపలు వణుకుతూ అడ్డదిడ్డంగా ఈదింది అందుకేనట.

నీళ్లలో అమ్మోనియా, నైట్రైట్ (చేపల వ్యర్థాల వల్ల చేరే విషాలు) సున్నా, అంటే కారణం అవి కాదు. క్లోరిన్ కూడా కాదు, యాంటీ క్లోరిన్ ఎప్పుడూ వేస్తాను. షాపువాళ్లు అంటగట్టిన యాంటీబయాటిక్ దండగ.

మెషీన్ తీసేసి దోమతెర కట్టాం (మా అమ్మ ఎప్పటినుంచో చెబుతున్నదే), సగం నీళ్లు మార్చి ఫిల్టర్‌లో మందుని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ పెట్టాను. ఆ తర్వాత ఒక్కటీ చావలేదు. రొయ్యలు మాత్రం ఇప్పుడే తేను.