తాతమ్మల పేర్లు ఇప్పటి పిల్లలకు పెట్టవచ్చా?

పాతపుస్తకం:
మాకు పాప పుట్టింది. మా నాయనమ్మ పేరు పెంటమ్మ పెట్టాలని నా పట్టు. ఇంట్లో అందరూ మొహం చిట్లిస్తున్నారు. వెనకటి రోజుల్లో వరుసగా బిడ్డలు పోతున్న ఇంట్లో ఇంకో బిడ్డ పుడితే, మృత్యువు కన్ను పడకూడదని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తిరిగి ఎత్తుకునేవారు. పెంటయ్య, పెంటమ్మ అలా వచ్చిన పేర్లు. బిడ్డ బతకాలన్న ఆరాటం అందులో ఉంది. ఇప్పటి రెండక్షరాల పేర్లలో ఏముంది?

నీలిమబ్బు:
ఆరాటం మీకు తెలుసు, బడిలో పక్కన కూర్చునే పిల్లలకు తెలియదు. నా పేరు చాలమ్మ. వరుసగా ఆడపిల్లలే పుట్టారని, ఇక చాలని పెట్టారు. హాజరు పిలిచిన ప్రతిసారీ తరగతి అంతా నవ్వేది. ఉద్యోగంలో చేరాక కూడా నా పేరు చెప్పడానికి గొంతు పెగిలేది కాదు.

సాయంకాలం:
సింహాచలం అని ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ పెట్టేవారు. ఎంత నిండైన పేరు!

పాతపుస్తకం:
నీలిమబ్బు గారూ, మీ పేరు బిడ్డ వద్దనుకుని పెట్టింది. మా నాయనమ్మది బిడ్డ కావాలని పెట్టింది. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. పుల్లయ్య కూడా పెంటయ్య లాంటి పేరే.

అక్షరమాల:
పుల్లయ్య అంటే పుల్లలా సన్నగా ఉన్నవాడని కదా?

పాతపుస్తకం:
కాదండీ. తిని పారేసిన విస్తరిని పుల్లి విస్తరి అంటారు. బిడ్డను అందులో పడుకోబెట్టి తీసేవారు. దయచేసి తెలుసుకుని రాయండి.

అక్షరమాల:
మా ఊళ్ళో పుల్లయ్య సన్నగానే ఉండేవాడు.

నీలిమబ్బు:
పుల్లయ్య సంగతి పక్కన పెట్టండి. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో ‘అక్కర్లేనిది’ అనే అర్థంతో నకుశా అని పేరు పెట్టిన 285 మంది ఆడపిల్లలకు 2011లో సభ పెట్టి మరీ పేర్లు మార్చారు. పెట్టినవాళ్ళ ఉద్దేశం ఏదైనా, మోసేది పిల్లే. ఇంతకీ పాప తల్లి ఏమంటోంది? ఇన్ని రాశారు, ఆమె మాట ఒక్కటీ లేదు.

పాతపుస్తకం:
వాళ్ళ అమ్మ పేరు పెడతానంటోంది. నన్ను పెంచింది మా నాయనమ్మ. ఆవిడ పోయి ఏడాదైనా కాలేదు, అప్పుడే ఇంట్లో ఆవిడ పేరెత్తే మనిషి లేడు. ఆ బాధ మీకెలా తెలుస్తుంది?

నీలిమబ్బు:
మీ బాధ నిజమే. దాన్ని పాప చేత ఎందుకు మోయిస్తారు? కని పెంచుతున్న తల్లికి ఆ మాత్రం హక్కు లేదా? నాకు చాలమ్మ అని పెట్టిననాడు మా అమ్మను కూడా ఎవరూ అడగలేదు.

సాయంకాలం:
తొందరేమీ లేదండీ. పేరు లేకుండానే జననం నమోదు చేయించవచ్చు. 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు.

పాతపుస్తకం:
అలాగే చేయించాం. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. రెండు పేర్లూ కలిపి పెడదామని నిన్న ఆమె అంది. ఎవరి పేరు ముందు రావాలన్న దగ్గర మళ్ళీ ఆగాం.

అక్షరమాల:
పెద్దావిడ పేరే ముందు పెట్టండి.

నీలిమబ్బు:
ఏ పెద్దావిడ?